బడిలో రాయించిన వయసు

మన ఇళ్ళలో చాలామందికి రెండు పుట్టినరోజులు ఉంటాయి. ఒకటి కన్నతల్లికి తెలిసింది, రెండోది బడికి తెలిసింది. మొఘల్‌పురాలో అమరనాథ్ ఇంట్లో రెండూ జరిగేవి. జూన్‌లో స్రవ్య ఫోనుకు స్నేహితుల శుభాకాంక్షలు వస్తే అందరూ నవ్వుకునేవాళ్ళు. దీపావళి వెళ్ళిన మూడోనాడు తల్లి సుగుణమ్మ కూతురికి తలంటు పోసి, సేమ్యా పాయసం వండి, అసలు పుట్టినరోజు చేసేది. అందులో తప్పేమిటో ఎవరికీ తోచలేదు. చదువుతున్న మీకూ తోచి ఉండదు.

అమరనాథ్‌ది తాతల నాటి దుకాణం. ఖాళీ అత్తరు సీసాలు టోకున అమ్ముతాడు. అమెరికా పౌరురాలైన అతని అక్క, తమ్ముడి కుటుంబానికి అక్కడ శాశ్వత నివాసం కోసం పిటిషన్ వేసేనాటికి స్రవ్య రెండేళ్ళ పిల్ల. ఆ వరసలో వంతు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళూ ఆ ఇల్లు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టే ఉంది. కురుస్తున్న పైకప్పు బాగు చేయిద్దామంటే, "ఎట్లాగూ పోతం గద" అనేవాడు అమరనాథ్. డిగ్రీ కాగానే స్రవ్యకు బ్యాంకులో ఉద్యోగం వస్తే, "గిప్పుడు చేరి మల్ల ఇడిచిపెడ్తవా" అని చేరనివ్వలేదు. ఆ పిల్ల రెండు రోజులు ఏడ్చి ఊరుకుంది.

ఎట్టకేలకు వంతు వచ్చింది. వీసా కాగితాల పని చూసే కృపాకర్ దగ్గరికి అమరనాథ్ మిఠాయి డబ్బాతో వెళ్ళాడు. కృపాకర్ ఆ డబ్బా తెరవలేదు.

"అన్నా, నీకు, వదినకు, మీ చిన్నోడు అక్షయ్‌కు ఫికర్ లేదు. పాపకే ప్రాబ్లం. పిల్లలకు ఇరవై ఒకటి దాటొద్దు. పిటిషన్ అప్రూవల్‌కు పట్టిన టైమ్‌ను వయసులకెల్లి మైనస్ చేస్తరు. అది తీసినా పాపకు ఐదు నెలలు ఎక్కువున్నది."

"మా పిల్ల గంత పెద్దది కాదు భాయ్. బడిల ఏడాదిన్నర పెంచి రాయించినం, గంతే. అసలు డేట్ పట్టుకొని లెక్క చెయ్."

"అసలు డేట్ యాడున్నది అన్నా, చూపెట్టు."

ఎక్కడా లేదు. స్రవ్య పుట్టిన గుడిమల్కాపూర్ నర్సింగ్‌హోం ఎప్పుడో మూతపడింది, ఆ చోట ఇప్పుడు పూల గోదాము ఉంది. జనన ధ్రువపత్రం అప్పట్లో తీసుకోలేదు. తర్వాత బడి సర్టిఫికెట్ చూపించి తీసుకున్నారు, దాన్ని చూపించి పాస్‌పోర్టు తెచ్చుకున్నారు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం సాక్ష్యం చెప్పింది.

అమరనాథ్ నెలంతా తిరిగాడు. మున్సిపాలిటీ వాళ్ళు బడికి పొమ్మన్నారు, బడివాళ్ళు విద్యాశాఖకు పొమ్మన్నారు, వాళ్ళు కోర్టుకు పొమ్మన్నారు. ప్రతి కిటికీ దగ్గరా ఒకటే ప్రశ్న, ఇన్నేళ్ళు ఏం చేశారని. చెప్పులరిగాయే తప్ప తేదీ కదల్లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఇంటికొచ్చి అన్నం కంచం మీద చూపించేవాడు.

చివరికి స్రవ్యను వెంటబెట్టుకుని కిషన్‌బాగ్‌లో లీలమ్మ ఇంటికి వెళ్ళాడు. స్రవ్యను బడిలో చేర్చుకున్న హెడ్‌మిస్ట్రెస్ ఆవిడే. ఏలూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మనిషి.

"మేడం, అప్పట్ల పొరపాటున మీరే తప్పు తేదీ రాసినట్టు ఒక కాగితం రాసియ్యండ్రి. పిల్ల బతుకు నిలవడ్తది."

లీలమ్మ కాగితం, కలం దగ్గరికి లాక్కుంది. "రాస్తాను నాయనా. కానీ జరిగింది జరిగినట్టు రాస్తాను. ఐదేళ్ళు నిండని పిల్లని తెచ్చి ఒకటో తరగతిలో వేసుకోమన్నారు. వయసు పెంచమని అడిగింది మీరు, పెంచి రాసింది నేను. అంత తొందరెందుకండీ అంటే ఏం చెప్పారో గుర్తుందా?"

గుర్తుంది. అమెరికా వెళ్ళేలోగా ఒక తరగతి ఎక్కువ చదివితే పిల్లకు అక్కడ పనికొస్తుందన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అమరనాథ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అట్ల రాస్తే ఎట్ల మేడం? ఎరుకుండి అబద్ధం చెప్పిన్రని మా అందరి వీసాలు ఆపుతరు."

"మరి ఇంకో అబద్ధం రాయమంటారా? ఆ ఏడు మా బడిలో చేరిన పిల్లల్లో సగంమంది జూన్‌లోనే పుట్టారు నాయనా. కన్నవాళ్ళు అడిగారు, మంచికే కదా అని నేను రాశాను. పిల్లల వయసు మన సౌకర్యం కోసం జరుపుకునే కుర్చీ అనుకున్నాం. మీరే కాదు, నేనూ అనుకున్నాను."

స్రవ్య కల్పించుకుంది. "ఏం రాయకుండ్రి మేడం." తండ్రి వైపు తిరిగింది. "బాపు, నా వయసు పెంచినప్పుడు నన్ను అడగలే. నౌకరి వద్దన్నప్పుడు అడగలే. గిప్పుడు దొంగ కాగితం పెడితే అది గూడ నా పేరు మీదనే ఉంటది. మీరు పోండ్రి. నా పేరు తీసేయించు. నేను నౌకరి ఎతుక్కుంట."

"ఒక్కదానివి ఎట్లుంటవే."

"నేను చిన్నపిల్లను కానని అమెరికావాళ్ళే అంటుండ్రు గద."

అమరనాథ్ కృపాకర్ దగ్గరికి వెళ్ళి కూతురి పేరు తీసేయించాడు. అక్షయ్ చదువు కోసమని, అక్క మాట పోతుందని, ఇరవై ఏళ్ళు వృథా కారాదని రకరకాలుగా నచ్చజెప్పుకుని మిగతా ముగ్గురికీ దరఖాస్తు ముందుకు నడిపించాడు. ఒక్క రాత్రి కూడా కంటినిండా నిద్రపోలేదు.

ముంబైలో అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ నాడు కిటికీ అవతలి అధికారి కుడిచెయ్యి ఎత్తమన్నాడు. అంతా నిజమే చెబుతానని అమరనాథ్ ప్రమాణం చేశాడు. ఎంతమంది పిల్లలని అడిగితే ఇద్దరన్నాడు. పెద్దమ్మాయి పుట్టిన తేదీ అడిగాడు. పక్కనే సుగుణమ్మ ఉంది, దీపావళి వెళ్ళిన మూడోనాటి పురిటినొప్పులు మరిచిపోని మనిషి. అమరనాథ్ జూన్ తేదీ చెప్పాడు. అధికారి తలూపి వీసాలు మంజూరయ్యాయన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడిన ఆ తల్లిని లేపడానికి అక్షయ్‌కు చాలాసేపు పట్టింది.

ఈ జూన్‌లో మీరూ ఏదో ఒక బడి గేటు ముందు నిలబడతారు. పిల్ల వయసెంతని అడుగుతారు. ఆ వయసు పిల్లది, మీది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.