ఏ సిమ్మైనా పట్టే ఫోను

నెత్తళ్లు పైపైన ఎండాయి గాని అడుగున ఇంకా తడి పోలేదు. దాలమ్మ ఇసకలో పరిచిన పాత వల పక్కన గొంతుక్కూర్చుని, ఆ చిన్న చేపల్ని అరచేత్తో తిరగేస్తోంది. సముద్రం మీద మబ్బు పట్టి ఉంది. కురిసేదో తేలిపోయేదో తెలియని శ్రావణమాసపు మబ్బు. ఇంకో రోజైతే దాన్ని చూసి ఆమె వలతో సహా ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తేది. తడిసిన నెత్తళ్లకు పురుగు పడితే పడిన కష్టమంతా ఇసకలో పోసినట్టే. ఈ రోజు ఆమె తల కూడా ఎత్తలేదు. పెద్ద భయం ఒకటి లోపల చతికిలపడి కూర్చుంటే చిన్న భయాలకు చోటుండదు.

సాయంత్రం ఆమె మొగుడు ఎల్లాజీ గుజరాత్ వెళ్లిపోతాడు.

భావనపాడులో అది కొత్త సంగతేమీ కాదు. వేట నిషేధం ముగిసి, వానలు మొదలయ్యాక వ్యాను వచ్చి వీధి చివర ఆగుతుంది. మగవాళ్లు సంచులు పట్టుకుని ఎక్కుతారు. పలాసలో రైలెక్కి, దేశానికి ఆ చివరనున్న సముద్రానికి పోతారు. బోటు ఎవరిదో, వల ఎవరిదో. చేతులు మాత్రం వీళ్లవి. మళ్లీ మామిడికాయ ముదిరే వేళకు ఇళ్లకు చేరతారు. పెళ్లయిన దగ్గర్నుంచీ దాలమ్మ సగం ఏడాది మొగుడున్న ఆడది, సగం ఏడాది లేని ఆడది. రెండుసార్లు కడుపు పండింది. ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. అప్పుడూ ఎల్లాజీ ఊళ్లో లేడు.

ఆమె పొట్టి మనిషి. మెడ మాత్రం మగవాడి మెడలా బలంగా ఉంటుంది. తట్ట మోసిమోసి నడినెత్తిన జుట్టు రాలిపోయి, చుట్టకుదురు పెట్టుకునేంత మేర చర్మం నున్నగా మెరుస్తుంది. అరికాళ్లు ఉప్పుకు పగిలి, ఎండిన చెరువులా ఉంటాయి. ఎండుచేపలు తట్టకెత్తుకుని, ఆటోలో నౌపడా, అక్కడి నుంచి బస్సులో నరసన్నపేట. వీధులన్నీ తిరిగి అమ్మి, తిరిగి ఇంటికి. ఆమె చూసిన లోకం అంతే.

తడి నెత్తళ్లను ఇంట్లోకి చేర్చి, ముందే ఎండిన కావిళ్లు, సావిడాయి చేపలు తట్టకెత్తుకుని, ఎల్లాజీకి కొత్త ఫోను కొనడానికి ఏడాదిగా దాచిన డబ్బుతో బయల్దేరబోతుంటే పక్కింటి గడప మీంచి గున్నమ్మ పిలిచింది.

గున్నమ్మ మొగుడు పరాయి దేశపు జైల్లో ఉన్నాడు. కిందటేడాది బోటు సముద్రంలో సరిహద్దు గీత దాటిందని అవతలి దేశం వాళ్లు పట్టుకుపోయారు. ఆ కబురు టీవీలో వచ్చిన రోజున ఎవరి బోటో, ఎవరి మనుషులో తెలియలేదు. ఎల్లాజీ దగ్గర్నుంచి కూడా ఫోను లేదు. అతని దగ్గరున్న ఫోను ఉచితంగా మాట్లాడుకోవచ్చంటే కొన్నది. అందులో అమ్మిన కంపెనీ సిమ్ము తప్ప ఇంకొకటి పట్టదని ఎవరూ చెప్పలేదు. ఆ రేవులో ఆ కంపెనీ సిగ్నలు అందలేదు. తోటివాళ్లు అక్కడి సిమ్ము ఇప్పిస్తే ఫోను దాన్ని తీసుకోలేదు. ఇక్కడ దాలమ్మ, గున్నమ్మ ఒకే గుమ్మంలో కూర్చుని, పొయ్యి రాజేయకుండా, పచ్చి మంచినీళ్లు తాగుతూ ఎదురుచూశారు. చివరకు పేర్లు తెలిశాయి. వాటిలో గున్నమ్మ మొగుడి పేరుంది. ఎల్లాజీ పేరు లేదు. తర్వాత అతను ఎవరిదో ఫోన్లోంచి మాట్లాడినప్పుడు దాలమ్మ ఇంట్లోకి పోయి, తలుపు వేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆ సంతోషం గున్నమ్మ కంట పడకూడదని.

గున్నమ్మ ఇప్పుడు తన ఫోను వెనక రేకు ఊడదీస్తోంది. జైల్లో ఫోన్లుండవని ఎందరు చెప్పినా ఆమె ఆ ఫోనును ఏనాడూ ఆరిపోనివ్వలేదు. స్నానం చేస్తున్నా దాన్ని పక్కనున్న తడక మీదే పెట్టుకుంటుంది. గోటితో లోపలి సిమ్ము పెకలించి, దాలమ్మ చేతిలో పెట్టింది.

“ఇదట్టుకెల్లు. ఏ సిమ్మైనా పడతాదని సెప్తే నమ్మీకు. నీ కళ్ల ముందర ఎయ్యమను. ఎలిగితేనే కొను.”

దాలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఒద్దప్పా. నాను లేనప్పుడు ఫోనొస్తే?”

“ఇన్నాళ్లూ రాంది ఇయ్యాలే వస్తాదేటి?” అంది గున్నమ్మ. ఆ మాట అన్నాక ఆమె ఖాళీ ఫోనును ఒళ్లోకి లాక్కుంది. “బేగొచ్చీ.”

దాలమ్మ సిమ్మును కొంగు చివర ముడివేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుంది. ఆటోలో ముడి తడిమి చూసుకుంది. బస్సెక్కాక తడిమి చూసుకుంది. ఇయ్యాలే వస్తే? ఏడాదిగా రాని ఫోను ఈ పూటే వస్తే? అటు మనిషి ఇంటికని చేస్తే, ఇటు ఎవరూ పలక్కపోతే? ఆ ఆలోచన రాగానే ఆమెకు బస్సు దిగి వెనక్కి పరిగెత్తాలనిపించింది. కావిళ్లు అమ్ముతూ ఎవరికెంత తూచిందో కూడా ఎరగదు. ఎప్పుడూ కొసరు అడిగే ఒక ఇల్లాలు, అడక్కుండానే గుప్పెడు వేసిన దాలమ్మను ఎగాదిగా చూసి, “ఏటే, ఒంట్లో బాగోలేదేటి?” అని అడిగింది.

తట్ట ఖాళీ చేసుకుని, వీధి కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా తోముకుని, ఉమాపతి దుకాణం మెట్లెక్కింది. ఉమాపతి తండ్రి అక్కడ గడియారాలు బాగుచేసేవాడు. కొడుకు వాటిని తీసేసి ఫోన్లు పెట్టాడు. లావుపాటి మనిషి, నుదుట విభూతి, కళ్లజోడు ఎప్పుడూ ముక్కు మధ్యలో. చేపల తట్టను చూసి ముఖం చిట్లించలేదు. స్టూలు జరిపాడు.

“ఏం కావాలమ్మా?”

“ఏ సిమ్మేసినా పలికీ ఫోను. పెద్దది, బొమ్మలొచ్చీది. నాలాటోళ్లు కొనగలిగీది.”

అతను నల్లటి ఫోనొకటి అద్దం మీద పెట్టాడు. “ఇది తీసుకో. దీనికి లాకుండదు. ఏ కంపెనీదైనా పడతాది. రెండు సిమ్ములేసుకోవచ్చు.”

“నా ముందర ఎయ్యి బాబూ” అని ఆమె ముడి విప్పింది.

ఉమాపతి సిమ్మును వేలి మీద పెట్టుకుని చూశాడు. “ఇది పాత సిమ్ము, పెద్దది. కోసి చిన్నది చెయ్యాల.” కాగితాలు కుట్టే మిషనులాంటి పనిముట్టొకటి తీసి, దాని నోట్లో సిమ్ము పెట్టాడు. నొక్కబోయాడు.

“కొయ్యొద్దు!”

దాలమ్మ అతని మణికట్టు పట్టుకుంది. దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నానని తెలిశాక కూడా ఆమె వదల్లేదు.

“ఏమవదమ్మా. రోజూ కోస్తాను.”

“ఒకేల పాడైతే?”

“పాడైతే అదే నంబరుతో కొత్తదిస్తారు. మర్నాటికి పని చేస్తాది.”

“మర్నాడా?” ఆమె పట్టు ఇంకా బిగిసింది. “ఇది నాది కాదు బాబూ. దీని మీద ఒక మడిసి పేణం పెట్టుకుని కూకున్నాది. నాకిచ్చీ.”

ఉమాపతి సిమ్ము జాగ్రత్తగా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. తన ఫోను విప్పి, అందులో ఉన్న రెండు వేరువేరు కంపెనీల సిమ్ములు తీసి, ఒకదాని తర్వాత ఒకటి కొత్త ఫోనులో వేశాడు. రెండుసార్లూ ఫోను వెలిగింది. రెండుసార్లూ ఇంటికి రింగు చేసి, భార్యతో మాట్లాడించాడు. “ఎవరమ్మా నువ్వు?” అని ఆమె అడిగితే దాలమ్మ గబుక్కున ఫోను తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ఆమె అసలు విషయం అడిగింది. “మడిసి ఎక్కడున్నాడో సూపిస్తాదంట కదా?”

అతను వేలితో తాకాడు. తెరమీద వీధులు, వాటి మధ్య నీలం చుక్క. “ఇదిగో, మనం ఇక్కడున్నాం.”

“సముద్రంలో?”

“అక్కడా చూపిస్తాది. సిగ్నలు లేకపోయినా చుక్క కదుల్తానే ఉంటాది.”

“మరి గీత?”

“ఏ గీత?”

“మన నీళ్లకీ ఆళ్ల నీళ్లకీ మజ్జిన ఉంటాదంట. అది దాటితే అట్టుకుపోతారు. ఆ గీత సూపించు బాబూ. సుక్క దాని కాడికెల్తే మా ఓడు సూసుకుంటాడు.”

ఉమాపతి దేశాన్ని వేలితో పక్కకు తోసుకుంటూ గుజరాత్ దాకా వెళ్లాడు. తీరం కనిపించింది. ఆ పక్కన నీలం. వేళ్లతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. నీలం తప్ప ఇంకేమీ లేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ వెతికాడు.

“లేదమ్మా” అన్నాడు, తప్పు తనదైనట్టు. “నీళ్ల మీద ఏమీ గియ్యలేదు.”

దాలమ్మ ఆ నీలం వంక చూస్తూ ఉండిపోయింది. అంత నీలంలో ఎక్కడ అడుగేస్తే జైలో దేవుడికే తెలియాలి. తీరం అంచును వేలితో చూపించి అడిగింది: “సుక్క నేలకి దగ్గర్లో ఉంటే మంచిదే కదా బాబూ?”

“మంచిదేనమ్మా.”

ఆమె ఫోను కొన్నది.

నౌపడా దగ్గర వాన పట్టుకుంది. ఉప్పు మడుల్లో కుప్పల మీద ఆకులు కప్పడానికి జనం పరుగులు తీస్తున్నారు. ఫోను పెట్టెను రవికెలోకి తోసుకుని, సిమ్మున్న ముడిని గుప్పిట్లో బిగించి, ఆటో అంచున ముడుచుకుని కూర్చుంది.

గున్నమ్మ పొద్దున కూర్చున్న చోటే ఉంది. జుట్టు దువ్వుకోలేదు. ఆరిపోయిన ఫోను ఒళ్లో ఉంది. దాలమ్మ ముడి విప్పేలోగానే చెయ్యి చాపింది. సిమ్ము వేసి, రేకు మూసి, మీట నొక్కింది. వెలుగు వచ్చింది. ఇద్దరూ దాని మీదికి వంగారు. టింగుమని చప్పుడైంది.

గున్నమ్మ దాలమ్మ భుజం పట్టుకుంది. తెరమీద అక్షరాలొచ్చాయి. ఇద్దరికీ చదువు రాదు. దాలమ్మకు గున్నమ్మ మొగుడే తలపుకొచ్చాడు. చేసుంటాడు. సిమ్ము నా కొంగులో ఉన్నప్పుడు చేసుంటాడు. పాపం నాదే.

“మావా! మావా, ఒకపాలి రా!” దాలమ్మ మొగుణ్ణి కేకేసింది.

ఎల్లాజీ తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చాడు. ఫోను దూరంగా పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. “కంపెనీ వోడప్పా. డబ్బులెయ్యమంతన్నాడు.”

గున్నమ్మ అలాగా అన్నట్టు తలూపి, ఫోను పైటతో తుడిచి, లోపలికి వెళ్లిపోయింది. దాలమ్మ ఊపిరి వదిలింది. అలా వదిలినందుకు ఆమెకు సిగ్గేసింది.

ఇంట్లో ఎల్లాజీ తన పాత ఫోను దాలమ్మకు వదిలి, కొత్త ఫోనును అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు. ఎండకు నల్లబడిన బండ మనిషి, ముందరి పన్ను విరిగినవాడు, ఆ నవ్వులో కుర్ర గుంటడిలా ఉన్నాడు. తెరమీదున్న పల్చటి ప్లాస్టిక్ పొరను బొటనవేలితో సర్ది, మూల పట్టుకుని చర్రున ఒలిచేశాడు. దాలమ్మ ఉమాపతి చూపినట్టే వేలితో తాకి, నీలం చుక్క చూపించింది.

“ఇదుంటే బోటు నడిపీ సరంగుకి సెప్పొచ్చు మావా. సుక్క నేలకి దూరమైపోనాది, గీత కాడికొచ్చీసుంటాం, బోటు ఎనక్కి తిప్పమని.”

ఎల్లాజీ నవ్వు ఆగిపోయింది. గున్నమ్మ ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“సరంగుకి తెల్దనుకున్నావేటే? ఆడి కాడ ఇంతకన్నా పెద్ద మిసనున్నాది. ఈ పక్క సేపల్లేవు. గీత అవతలున్నాయి. తెలిసే ఎల్తారు.”

దాలమ్మ తెరమీది చుక్క మీంచి వేలు తీసేసింది. ఏడాది పొడుగునా ఆమె గీత దాటడం తెలియక జరిగిందనుకుంది. తెలియనిదానికి మందుంటుందని ఊరంతా తిరిగి చేపలమ్మింది.

“పక్కింటి బావ కూడానా?”

“అందరం ఎల్లేం. ఆళ్ల బోటు ముందున్నాది. మాది ఎనకున్నాది. అంతే.”

“నువ్వూ దాటేవా?”

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. “నాను వల లాగీవోణ్ణే. నన్నెవుడు అడుగుతాడు?”

“ఎల్లకు మావా.”

“ఎల్లకపోతే?” అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు. దాలమ్మ వాకిట్లోంచి ఒడ్డు వైపు చూసింది. ఒడ్డున తెప్పలు బోర్లించి ఉన్నాయి. పొద్దున వెళ్లిన వాళ్లు కూరకు సరిపడా కూడా తేలేదు.

వీధి చివర వ్యాను హారను మోగింది. ఆడవాళ్ల గొంతులు, సంచులు ఈడుస్తున్న చప్పుడు. దాలమ్మ అతని జేబులోంచి ఫోను తీసి, కడిగి ఆరబెట్టిన నూనె ప్యాకెట్టు కవరొకటి వెతికి, అందులో చుట్టి, రబ్బరు వేసి, మళ్లీ జేబులో పెట్టింది. జేబు మీద చెయ్యి అలాగే ఉంచింది.

“మావా, గీత దాటీటప్పుడు ఆ సుక్క సూడకు.”

“ఏల?”

“సూస్తే బయమేస్తాది. కళ్లు మూసుకుని వల లాగు. ఒడ్డుకొచ్చినాక సూడు. సూసి, నాకు ఫోన్సెయ్యి.”

ఎల్లాజీ ఆమెను వెక్కిరించలేదు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. దాలమ్మ వ్యాను దాకా వెళ్లలేదు. ఏ ఏడూ వెళ్లదు. గున్నమ్మ గడప దాటేటప్పుడు అతను తల దించుకుని నడవడం మాత్రం చూసింది. వ్యాను కదిలింది. పిల్లలు కాస్త దూరం కేకలేస్తూ పరిగెత్తి వెనక్కొచ్చారు. తర్వాత సముద్రం హోరు ఒక్కటే మిగిలింది.

దాలమ్మ లోపలికి వచ్చి, దీపం వేయకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. కాలి కింద ఏదో అంటుకుంది. తీసి, వాకిట్లోంచి పడుతున్న చివరి వెలుతురుకు ఎత్తి పట్టింది. అతను ఒలిచి పారేసిన పల్చటి పొర. అంచులు చుట్టుకుపోతున్నాయి. నట్టనడుమ, తాళ్లు లాగి లాగి అరిగిపోయిన ఎల్లాజీ బొటనవేలి ముద్ర.