పండని పురుగులు

నాలుగో జ్వరం దాటిన పట్టుపురుగులు ఇంత బొద్దుగా ఉండటం పీరమ్మ ఏ పంటలోనూ చూడలేదు. కుబుసం విడవడానికి పురుగు కదలకుండా పడుకోవడాన్ని రైతులు జ్వరమనే అంటారు. నాలుగు జ్వరాలూ దాటి, కడుపారా ఆకు తిన్నాక పురుగు మెడ గాజులా మెరిసి పండుతుంది, గూడు కడుతుంది. నందికొట్కూరు దగ్గరి ఈ షెడ్డులో ఇదే చివరి పంట. వచ్చే నెల నుంచి, షెడ్డు అద్దెకు తీసుకున్న సమీవుల్లా ఇందులో బేతంచెర్ల నాపబండలు పేర్చుకుంటాడు. ఒక్కసారి కళ్లారా గూళ్లు చూసి తలుపేయాలని పీరమ్మ ఆశ.

కూతురు శిరీన్‌కు చిన్ననాటి రోజులు గుర్తొచ్చాయి. పురుగులు పండిన రోజు ఆమె బడి ఎగ్గొట్టేది. వీధిలో ఆడవాళ్లంతా చేతులు కడుక్కుని వచ్చి, పండు పురుగులు ఏరి, అవి గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేస్తూ అత్తలను ఆడిపోసుకునేవారు. అమ్మ అందరికీ బెల్లం పాయసం పోసేది. అంత సందడి ఆమె మళ్లీ ఏ పెళ్లిలోనూ చూడలేదు. ఆ రోజుల కోసం ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పీరమ్మ ముందే అందరినీ పిలిచేసింది. ఆడవాళ్లు వచ్చారు. పురుగులు మాత్రం తింటూనే ఉన్నాయి.

"యాడ పండినాయి పీరక్కా, ఇంగా మేస్తానే ఉండాయి" అంది పక్కింటి హంపమ్మ.

కాలేజీలో జీవశాస్త్రం చెప్పే శిరీన్‌కు అనుమానం వచ్చింది. "అమ్మా, ఆకు యాడ కోసినావు?"

"పక్క చేనోడు వీరభద్ర పత్తికి ఆనుకోని ఉండే సాలులో. శానా పచ్చగా ఉండాదని వీటికే దాచిపెట్టినా."

ఆ పత్తికి తెల్లదోమ మందు కొట్టారు. శిరీన్ తట్టలోని ఆకు ఒకటి తీసి చూసింది.

"గాలికి ఆ మందు మన ఆకు మీద పడింటాదమ్మా. నువ్వింకా పసిదానివే అని పురుగుకు చెప్పే హార్మోను ఒకటి ఉంటాది. అది ఉన్నంతసేపు ఒక జన్యువు మేలుకోని, రూపు మార్చే జన్యువును లేవనీదు. వయసొచ్చినాక ఆ హార్మోను తగ్గిపోవల్ల. ఈ మందు అచ్చం దాని మాదిరే పనిచేస్తాది."

"విరుగుడు ల్యాదా?"

"ల్యాదు. ఇవి గూడు కట్టవు. ఇట్లే తిని తిని సచ్చిపోతాయి."

పీరమ్మ తట్ట పక్కనే కూలబడి ఏడ్చింది. తన చేత్తోనే తినిపించానన్న బాధ ఆమెను కోసేసింది. దిబ్బలో పారబోయమని ఎవరో మెల్లగా అన్నారు. పీరమ్మ కళ్లు తుడుచుకుని లేచింది.

"గూడు కట్టినవన్నీ ఇన్నేండ్లు పట్టు కోసరం ఉడకబెట్టేటోళ్లకే అమ్మినా. వీటినన్నా కడుపునిండా తిననీ" అంటూ కొడవలి అందుకుంది. "ఆ సాలు వద్దు, బాయికాడ కోస్తా."

హంపమ్మ కొంగు బిగించింది. పండు పురుగులు ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ పూట ఆకు కోశారు.