కట్టు తెంచుకొచ్చిన మిషను

పొద్దున్నే షట్టరు ఎత్తగానే కుట్టుమిషను వెనకగదిలోంచి టకటకా నడిచొచ్చి, కిటికీ పక్కన వెలుతురు చూసుకుని నిలబడేది. టైలరమ్మ తల్లి కాలం నుంచీ దాని అలవాటు అదే. దారిలో ఎవరైనా ఉంటే పక్కకు తప్పుకునేవాళ్లు.

యూనిఫాంలు కుట్టించుకున్న స్కూలు డబ్బివ్వకుండానే మూతపడ్డాక, షాపు పీకల్లోతు అప్పుల్లో మునిగింది. ఉన్న దారులేమిటో లాయరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"అప్పులవాళ్లతో ఒప్పందం చేసుకుని కొద్దికొద్దిగా తీర్చుకోవచ్చు. దానికి రాబడి ఉండాలి. లేదంటే దివాలా పిటిషనే. షాపు అప్పుకి మీరు సొంతంగా హామీ సంతకం పెట్టారు కాబట్టి, షాపు మూసేసినా బాకీ మిమ్మల్ని వదలదు. కోర్టు దాన్ని కొట్టెయ్యాలంటే ఉన్నవన్నీ చూపించాలమ్మా. ఒక్కటి దాచారో, అసలుకే మోసం."

మరి మిషను ఉంచుతారా అన్న మాట టైలరమ్మ నోటిదాకా వచ్చింది. అడిగితే అదొకటి ఉందని తెలిసిపోతుందని మింగేసింది. భయంలో పుట్టే తెలివి అలాగే ఏడుస్తుంది.

తమ్ముడు దాన్ని ట్రాలీలో తనింటికి తీసుకుపోయి మంచంకోడుకు కట్టేశాడు. "నేను చూసుకుంటాగా అక్కా," అన్నాడు.

దివాలా పిటిషను వేశాక కోర్టు ఆఫీసరు వచ్చి షాపులో ఉన్న బీరువా, ఫ్యాను, నిలువుటద్దం జాబితాలో రాసుకున్నాడు.

"టైలరింగ్ షాపులో మిషన్లేవమ్మా?"

"అద్దెవండీ. ఓనరు పట్టుకుపోయాడు." పనివాళ్ల కోసం తెచ్చిన అద్దె మిషన్ల వరకూ అందులో అబద్ధం లేదు. నిజం మాత్రం సగమే ఉంది.

"సరే, ఇంతేనని సంతకం పెట్టండి."

టైలరమ్మ పెన్ను పట్టుకుంది. అప్పుడే వీధిలో, "జరగండి, జరగండి, మిషనొస్తోంది!" అని కేకలు.

కట్టిన తాడునీ, దానితోపాటు ఊడొచ్చిన మంచంకోడునీ ఈడ్చుకుంటూ అది లోపలికొచ్చింది. వెనకాలే తమ్ముడు రొప్పుతూ, "ఆపినా ఆగట్లేదక్కా!" అన్నాడు. ఆఫీసరు కాళ్లు దగ్గరికి తీసుకుని దారిచ్చాడు. మిషను కిటికీ పక్కన తన చోట నిలబడింది.

"ఇదెవరిది?"

తమ్ముడు నోరు తెరవబోయాడు. టైలరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

"నాదేనండీ. మా అమ్మది. తీసుకుపోతారని దాచాను."

ఆఫీసరు జాబితా చివర్లో ఒక లైను రాశాడు.

"పొట్టకూటి పనిముట్టుని చట్టం ముట్టుకోదమ్మా. అడిగితే మీ లాయరే చెప్పేది. మీరు సంతకం పెట్టాక ఇది బయటపడి ఉంటే, అప్పులన్నీ జన్మంతా మీ నెత్తినే ఉండేవి."

టైలరమ్మ సంతకం పెట్టింది. తర్వాత కింద కూలబడి తాడు విప్పింది. మిషను కాళ్లకు ఒరుసుకుపోయిన చోట నూనె రాస్తూ, "కట్టేసినా వచ్చావా తల్లీ," అని బావురుమంది.