ఆవిరి బండికి రేవు నీళ్లు

మా ఆయన అన్సెల్మ్ రాగి పనివాడు. ఊరివాళ్ల గిన్నెలకు మాట్లు వేస్తూ, ఏళ్ల తరబడి పోగేసిన రేకులతో ఒక ఆవిరి బండి కట్టాడు. ముందు కూర్చుని నడపడానికి ఆయన ఉన్నాడు. వెనక నిలబడి పొయ్యిలో బొగ్గు వెయ్యడానికి మాత్రం ఒక్క మగాడూ ముందుకు రాలేదు. బాయిలర్ పేలితే మొదట పోయేది వెనకున్నవాడేనట. పొయ్యి దగ్గర చావడం ఆడదానికి కొత్తా అని నేనే ఎక్కాను.

ఆ రోజు మేం ల మాన్ పట్నం చేరాలి. జిల్లా కచేరీ ముందు సర్కారు ఇంజనీరు మా కోసం చూస్తుంటాడు. సాయంత్రం చర్చి గంటలు మోగేలోగా, ఏ గుర్రమూ లాగకుండా బండి వచ్చి నిలబడితే రోడ్ల మీద తిరగడానికి అనుమతి ఇస్తాడు. ఆలస్యమైతే ఇక అడగడానికి కూడా లేదు. బండిని విప్పి పాత ఇనుము కింద పారేసి, మా ఆయన మళ్లీ చచ్చేదాకా గిన్నెల ముందు కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మొంబ్రియే ఊళ్లో నీళ్ల కోసం ఆగాం. ఆవిరి బండికి దాహం ఎక్కువ, దారిలో పట్టకపోతే కదలదు. తీరా చూస్తే పంపు పిడికి గొలుసు కట్టి ఉంది. గుర్రాల తొట్టికి అడ్డంగా ఊరి పెద్ద గ్రిపాన్, నడుముకు తన హోదా చూపే మూడు రంగుల పట్టీ బిగించుకుని నిలబడ్డాడు. ల మాన్‌కు నడిచే గుర్రబ్బండ్లన్నీ ఆయనవే.

“పంపు నీళ్లు మనుషులకి. తొట్టి నీళ్లు గుర్రాలకి. నీ డబ్బా ఈ రెండిట్లో ఏది, అన్సెల్మ్?” అన్నాడు.

“కాసిని నీళ్లే కదా, మొస్యె గ్రిపాన్.”

“ఊరి పంపు నుంచి గానీ, తొట్టి నుంచి గానీ యంత్రాలకు నీళ్లు ఇవ్వకూడదు. ఉత్తర్వు. నేనే రాశాను.”

ఇళ్లలో బావులున్నవాళ్లందరూ ఆయనకు గడ్డి అమ్ముకు బతికేవాళ్లే. మేం చూస్తుండగానే తలుపులు వేసుకున్నారు. బాయిలర్ పక్కనున్న గాజు గొట్టంలో నీటిమట్టం దిగిపోతోంది. ఇంకాస్త దిగితే మంట బయటికి లాగెయ్యాలి, లేకపోతే పేలిపోతుంది. లాగేస్తే మళ్లీ ఆవిరి పుట్టేసరికి పొద్దు గూకుతుంది.

మా ఆయన చెయ్యి టోపీ మీదికి వెళ్లింది, బతిమాలడానికి.

“టోపీ ఉండనీ. ఈయన ముందు తీశావంటే ఇంటికి రాకు,” అన్నాను.

అప్పుడు వినబడింది, పల్లంలోంచి టపటపమని చెక్కల చప్పుడు. చుట్టూ గోడ కట్టిన బట్టల రేవు. మా వైపు మగాడు రేవు గడప దాటడు. దాటితే ఆడవాళ్లు బట్టలు కొట్టే చెక్కలతోనే వాడి వీపు ఉతికేస్తారు, ఆ ఫిర్యాదు పోలీసూ వినడు, ఫాదరూ వినడు. గ్రిపాన్ ఉత్తర్వులో పంపు రాశాడు, తొట్టి రాశాడు. రేవు ఆయనకు గుర్తే రాలేదు. ఎందుకొస్తుంది, చొక్కాలు వాటంతటవే తెల్లగా ఇంటికొస్తుంటే.

బకెట్లు తీసుకుని దిగాను. కాలవ ఒడ్డున, సన్నటి వానలో, గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో మోకాళ్ల మీద కూర్చుని ఉతుకుతున్నారు. నన్ను చూసి చెక్కలు ఆగాయి. వాళ్లలో పెద్దావిడ జెలీ లేచింది.

“పైనున్న ఆ నల్ల దయ్యం మీదేనా? పోయిన నెల ఇటే పోయింది. కంచె మీద ఆరేసిన దుప్పట్లన్నీ మసి చేసింది. మళ్లీ ఉతికిందెవరు, మీ ఆయనా?”

నిజమే.

“తప్పు మాదే, పెద్దమ్మా. సోమవారం వచ్చి మీ దుప్పట్లన్నీ నేను ఉతుకుతా. ఇవాళ్టికి నీళ్లియ్యండి.”

“ఎందుకియ్యాలి?”

“మీ గ్రిపాన్ ఇవ్వనన్నాడు కనక.”

ఎవరో కిసుక్కున నవ్వారు. జెలీ నవ్వలేదు.

“రేవుకి కప్పు వేయించమని జుట్టు నెరిసేదాకా అడిగా. వానకి అలవాటైపోయారుగా అన్నాడు. వాడి గుర్రాలకి మాత్రం పెంకుల కొట్టం. ముంచండే, అమ్మాయిలూ.”

ఒక పిల్ల తనున్న చోటే ముంచబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

“అక్కడొద్దమ్మా, అది సబ్బు నీళ్లు. లోపలికెళ్తే బాయిలర్ నిండా నురగే. ఎగువన, జాడించే చోట ముంచు.”

“అబ్బో, మహారాణి గారికి జాడించే నీళ్లే కావాలట,” అంది జెలీ. “నీ మసి బకెట్టు ఎగువన పెట్టావంటే చెయ్యి విరుస్తా. మావి తీసుకో.”

అన్సెల్మ్ బండిని రేవు గోడ దాకా తెచ్చాడు. ఆడవాళ్లు వరసగా నిలబడి గోడ మీదుగా బకెట్లు అందించారు. గ్రిపాన్ ఒగర్చుకుంటూ వచ్చాడు.

“ఆపండి. ఉత్తర్వుంది.”

“ఇది పంపా?” అంది జెలీ.

“కాదు, కానీ...”

“తొట్టా?”

ఆయన నడుము పట్టీ సర్దుకున్నాడు.

“మరి నీకేం పని? కాదంటే లోపలికి రా, మాట్లాడుకుందాం.”

ఆవిడ చేతిలో చెక్క ఉంది. ఆయన బూటు గడప మీదికి లేచింది. కాసేపు అక్కడే ఆగి వెనక్కి పోయింది.

“గ్రిపాన్ బాబూ,” అంది వెనకనుంచి ఒకావిడ, “నీ లోపలి బట్టల మీద మరకలు ఎక్కడుంటాయో మాకు తెలుసు. ఊరంతా తెలియాలా?”

ఆ నవ్వులు మాకు చాలాదూరం వినబడ్డాయి. గొట్టం నిండా నీళ్లు, పొయ్యి నిండా బొగ్గు. కచేరీ ముందు మేం ఆగాక గాని గంటలు మోగలేదు. ఇంజనీరు బండి చుట్టూ తిరిగి, “పొయ్యి చూసుకున్నవాడు ఎవడు?” అన్నాడు.

“వాడు కాదు, నేను,” అన్నాను. ఆయన మసి పట్టిన నా మొహం చూసి, అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు.

సోమవారం మొంబ్రియే వెళ్లాను, బండి మీదే. ఈసారి గాలి వాలు చూసుకుని, పొగ రేవు మీదికి రాని చోట ఆపాం. బండి నిండా రేవు కప్పుకి గుంజలు, వాసాలు, రేకులు. అన్సెల్మ్ గోడ బయటే ఉండి, ఎలా బిగించాలో చెబుతూ ఒక్కొక్క రేకూ అందించాడు. లోపల గుంజలు పాతింది, మేకులు కొట్టింది మేమే. తర్వాత నేను గడ్డిపెట్టెలో మోకాళ్లూని దుప్పట్లు ఉతికాను. మోకాళ్లు అరిగిపోతాయనిపించింది.

మధ్యాహ్నానికి గ్రిపాన్ కాగితం పట్టుకుని వచ్చాడు.

“ఊరి స్థలంలో అనుమతి లేని కప్పు వెయ్యకూడదు. ఇప్పుడే పీకెయ్యాలి.”

అప్పుడే వాన అందుకుంది. కొత్త రేకుల మీద ధనధనమని మోగుతుంటే జెలీ దుప్పటి పిండుతూ తల కూడా ఎత్తలేదు.

“ఎవరొద్దన్నారు, బాబూ. లోపలికొచ్చి పీక్కెళ్లు.”

చేతిలోని ఉత్తర్వు నానిపోతుంటే ఆయన గడప అవతలే నిలబడ్డాడు. మేం ఉతుక్కుంటూనే ఉన్నాం.