తొంభై రెండు బుడగలు

నా భార్య ఎడమచేయి పోయింది ఒక మంగళవారం ఉదయం. బైండింగు షాపులో రిజిస్టరు కుడుతుండగా, కాగితాల దొంతర అదిమి పట్టిన చేయి జారి ఒళ్లో పడిందట. "నాది కానట్టు పడిపోయింది," అని తర్వాత చెప్పింది. పక్షవాతం. మాట పోలేదు, నడక కొంత తిరిగి వచ్చింది. చేయి రాలేదు.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి మా టీవీకి చిన్న కెమెరా బిగించింది. తెర మీద బుడగలు లేస్తాయి. చేయి చాపితే పగులుతాయి. ఎన్ని పగిలాయో ఆసుపత్రికి దానంతటదే తెలిసిపోతుంది.

"వీడియో గేములాడే పిల్లల చెవులు మెలేసే ఉంటారు మాస్టారూ. ఇప్పుడు మీరే రోజూ గంట ఆడించాలి," అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "మొదటి ఆరు నెలలే ముఖ్యం," అంది.

మొదటి రోజు మూడు పగిలాయి. నా భార్య ముఖం చూడలేకపోయాను. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పినవాణ్ణి. చేతిలో బలపం నిలవని పిల్లల వెనక కూర్చుని చేయి పట్టి దిద్దించడం నాకు అలవాటు. మర్నాడు ఆమె వెనక నిలబడి మోచేతి కింద నా చేయి ఆనించాను. ఇరవై పగిలాయి. మూడో నెలకు తొంభై రెండు.

"నీ పట్టుదలే," అన్నాను.

"అవునవును. నాకు ఇద్దరి పట్టుదల ఉంది," అంది. నేను నవ్వాను.

ఆ అంకెలు చూసి, చేతికి వారానికి మూడుసార్లు చేసే వైద్యాన్ని ఆసుపత్రివాళ్లు నెలకొకసారికి తగ్గించారు. సంతోషించాం.

ఆరో నెలలో ఆసుపత్రిలో పరీక్ష. ఆ అమ్మాయి నన్ను తలుపు దగ్గర కూర్చోమంది. తెర మీద బుడగలు లేచాయి. నా భార్య చేయి ఒళ్లోంచి జానెడు లేచి పడిపోయింది. రెండు పగిలాయి.

"ఇంట్లో తొంభై రెండు ఎలా వచ్చాయి మాస్టారూ?"

లేచి వెళ్లి, మోచేతి కింద చేయి పెట్టి చూపించాను.

"ఎవరి బలంతో లేచిందో ఆ కెమెరాకు తెలియదండీ," అంది ఆ అమ్మాయి. "చేయి వచ్చేసిందనుకుని వైద్యం మేమే తగ్గించాం."

నా కుర్చీ ఎక్కడుందో నాకు కనబడలేదు.

బస్సులో అడిగాను. "నీకు తెలుసా?"

"చేయి నాది. ఎవరు ఎత్తుతున్నారో తెలియదా?"

"మరి చెప్పలేదేం?"

"నేను జబ్బుపడ్డాక మీరు నవ్వింది ఆ గంటలోనే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను."

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను రెండు చేతులూ నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇప్పుడు మళ్లీ వారానికి మూడుసార్లు వెళ్తున్నాం. ఇంట్లో ఆమె ఆడే గంటసేపు నేను వంటింట్లో ఉంటాను. ఆరు నెలలు దాటి పదహారు రోజులైంది. ఆమె చేయి ఇంకా భుజం ఎత్తుకు లేవలేదు.