దగ్గే పాప రంగు

కుక్కర్ కూత పెట్టేలోపే మ్యూట్ నొక్కాలి. ఆ లాక్‌డౌన్ చలికాలమంతా నేను కొత్తగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఇంట్లో తలుపేసుకునే గది మా ఆయన విక్రాంత్‌ది. "నావి క్లయింట్ కాల్స్ గిరిజా, నీకేముంది, బొమ్మలేగా" అన్నాడు మొదటి రోజే. జోకనుకుని నేనూ నవ్వాను. అలా వంటింటి బల్ల నా ఆఫీసయింది. కిటా, అంటే చిన్నపిల్లల బడి, మూసేయడంతో మా ఐదేళ్ల ఈషా ఆ బల్ల కిందే ఆడుకునేది. ఇక్కడ జర్మనీలో, ఉంటర్‌ఫ్యోరింగ్‌లోని మా డిజైన్ ఆఫీసులో బయటి దేశం మనిషిని నేనొక్కదాన్నే. అక్కడికి వెళ్లే రోజుల్లో కనీసం కాఫీ దగ్గరైనా ఎవరో ఒకరు పలకరించేవాళ్లు. ఇప్పుడు కాల్ అయిపోగానే చీకటి తెర మీద నా ముఖమే మిగిలేది. సాయంత్రానికి గుర్తొచ్చేది, ఆ రోజు పనికి సంబంధించని మాట పెద్దవాళ్లెవరితోనూ మాట్లాడలేదని.

పిల్లల ఆస్పత్రి కోసం ఒక పోస్టర్ గీయమన్నారు. ఒక పాప సబ్బుతో చేతులు కడుక్కుంటుంది, ఇంకో పాప చెయ్యి అడ్డం పెట్టుకోకుండా దగ్గుతుంది. కడుక్కునే పాపకి ఈషా ఉంగరాల జుట్టు, ఈషా చామనఛాయ వచ్చేశాయి. ఏదో ఆలోచించి చేసింది కాదు, కళ్లెదుట ఉన్న పిల్లని చూసి గీశాను. దగ్గే పాపది బంగారు రంగు జుట్టు.

"చాలా బాగుంది" అన్నాడు మా బాస్ స్టెఫాన్, అందరూ ఉన్న కాల్‌లో. "ఒక్క చిన్న మార్పు. ఇద్దరి రంగులూ అటుదిటు చేసెయ్."

"ఎందుకు?"

"చేతులు కడుక్కునే పాపలో జనం తమ పిల్లని చూసుకోవాలి కదా."

జనం. అందులో నేను లేనని అంత మర్యాదగా నాతో ఎవరూ చెప్పలేదు. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో నాతో కలిసి భోంచేసిన కాత్రిన్ తల దించుకుంది. నేను సరేనన్నాను. అవును, సరేనన్నాను.

దగ్గే పాప ముఖానికి చామనఛాయ వేస్తుండగా ఈషా ఒళ్లోకి ఎక్కింది. "దస్ బిన్ ఇష్!" అని అరిచింది, ఆ బొమ్మ తనేనని. వెంటనే గొంతు తగ్గించింది. "అమ్మా, నాకు కరోనా ఉందా? అందరికీ నేనే ఇస్తున్నానా?"

వేసిన రంగంతా తీసేశాను.

మధ్యాహ్నం అన్నం తింటూ విక్రాంత్ అంతా విన్నాడు. "రంగు మార్చడం ఎంతసేపు? పర్మనెంట్ రెసిడెన్స్‌కి అప్లై చేసి ఉన్నాం. ప్రతిదాన్నీ రేసిజం అనుకుంటే ఇక్కడ బతకలేం. సారీ చెప్పి పంపెయ్." తిన్న కంచం అక్కడే వదిలి లేచాడు. ఆ కంచం కూడా నేనే తీశాను.

తర్వాతి కాల్‌లో స్టెఫాన్‌తో చెప్పాను. "మార్చలేదు. మార్చను. రోగం అంటించేది మాలాంటివాళ్ల పిల్లలే అని నా చేత్తో గీయలేను."

"బొమ్మని ఇంత పర్సనల్‌గా తీసుకుంటే ఎలా? పోనీలే, కాత్రిన్ చేస్తుంది."

ఒక్కొక్కరే కాల్‌లోంచి వెళ్లిపోయారు. కాసేపటికి కాత్రిన్ నుంచి మెసేజ్: నువ్వన్నదే నిజం, కానీ నేను మాట్లాడలేను.

తర్వాత ఆ పోస్టర్ కావాలన్న ఆస్పత్రి డాక్టరమ్మకే ఫోన్ చేశాను. నా జర్మన్ తడబడింది, వ్యాకరణం ఎటో పోయింది. ఆవిడ మాత్రం మధ్యలో ఆపకుండా విన్నది. రేపు ఉదయం మాట్లాడదాం, మీ బాస్‌ని కూడా రమ్మంటాను అన్నది.

విక్రాంత్ బయటికొచ్చాడు. "సారీ చెప్పావా?"

"లేదు. రేపు పొద్దున ఆస్పత్రి వాళ్లతో మాట్లాడటానికి టెర్మిన్ తీసుకున్నాను. స్టెఫాన్ కూడా ఉంటాడు."

"పిచ్చా నీకు? ఉద్యోగం పోతుంది." కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి, "సరే, ఆ టైమ్‌కి పాపని నేను బయటికి తీసుకెళ్తాలే, గోల చెయ్యకుండా" అన్నాడు.

"వద్దు" అన్నాను. "నా పక్కనే కూర్చోనీ. వాళ్లమ్మ ఏం మాట్లాడుతుందో అది వినాలి."