రాణిగారి మందుల పెట్టె

సర్కారు ఏజెంటు ఇంటి అరుగు ముందు మంచులో ఇరవై మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు ఫిలొమీన్. ఆమె చేతుల్లో, కుందేలు తోళ్ళ దుప్పటిలో, మనవరాలు నోరా. ఐదేళ్ళ పిల్ల. తల్లి క్షయతో పోయిన నాటినుంచి అవ్వే దానికి అమ్మ. మూడు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి తీస్తే రొమ్ములో పిల్లికూతలు.

కిటికీ అద్దంలోంచి ఆ పెట్టె కనపడుతూనే ఉంది. నల్లరంగు వేసిన చెక్క పెట్టె, దానికి ఇత్తడి తాళం.

తాళంచెవి ఏజెంటు గడియారపు గొలుసుకి ఉంది. ఏజెంటు పట్నంలో ఉన్నాడు. గడ్డకట్టిన మంచు మీద రాళ్ళు జార్చే పందేలు జరుగుతున్నాయట, మూడు రోజుల దాకా రాడు. ఆ సంగతి అతని భార్య తలుపు సందులోంచి చెప్పి, చలిగాలి లోపలికొస్తోందని తలుపు వేసుకుంది.

"పిల్లలు ఊపిరాడక చస్తా ఉంటే దొర రాళ్ళు తోస్తా ఉన్నాడు" అంది వెనక నుంచి ఒకామె.

"తొయ్యనీలే. గుండెకాయ కూడా ఆ రాళ్ళల్లో కలిసిపోయుంటది, ఏది ఏదో తెలుసుకుని రావద్దా" అంది ఇంకొకామె. ఎవరూ నవ్వలేదు.

ఆ పెట్టె దొర పెట్టిన ధర్మం కాదు. అరవై ఏళ్ళ కిందట సముద్రం అవతలి దొరల రాణి మనుషులు ఈ నది ఒడ్డున కూర్చుని నేలను పంచుకుందామన్నప్పుడు, ఇక్కడి క్రీ తెగ పెద్దలు అడిగి మరీ రాయించుకున్న మాట. ప్రతి ఏజెంటు ఇంట్లో జనం కోసం మందుల పెట్టె ఉండాలి. దొరలు కాగితం మీద సంతకాలు పెట్టారు. క్రీలు పొగాకు నింపిన పొగగొట్టం వెలిగించి చేతి నుంచి చేతికి అందించుకున్నారు. పొగగొట్టం ముట్టిన నోటితో అబద్ధమాడకూడదు, మాట తప్పకూడదు. కాగితం పెట్టినవాళ్ళకి గోధుమ పండే నేలంతా దక్కింది. పొగ పీల్చినవాళ్ళకి ఈ పెట్టె దక్కింది, తాళంతో సహా.

పట్నంలో ఆస్పత్రి ఉంది. మంచుబండి మీద ఒక్క రోజు దారి. కానీ క్రీలకి విడిచిన ఈ నేల ముక్కని రిజర్వు అంటారు, దాని పొలిమేర దాటాలంటే పాసు కావాలి. పాసు రాసే చెయ్యి కూడా ఆ ఏజెంటుదే.

ఫిలొమీన్ చెల్లెలి కొడుకు ఆల్ఫీ కట్టెల మోపు దగ్గరికి వెళ్ళి గొడ్డలి తీసుకుని అరుగెక్కాడు. దొరల బడిలో పదేళ్ళు దెబ్బలు తిని ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి అతను. కాగితాలంటే అతనికి భయమూ లేదు, గౌరవమూ లేదు.

"గొడ్డలి దించరా" అన్నాడు ఎలియస్ తాత. ఒడంబడిక నాడు తొమ్మిదేళ్ళవాడు. ఆ పొగ వాసన చూసినవాళ్ళలో ఇక మిగిలింది ఆయనొక్కడే. "తాళం తియ్యాల్సింది వాళ్ళు. మనం పగలగొడితే రేపు మాట తప్పింది మనమేనని రాసుకుంటారు."

"రాసుకోనీ తాతా. ఇన్నాళ్ళూ ఏం రాయకుండా ఉన్నారని?"

అందరూ ఫిలొమీన్ వైపు చూశారు. పిల్ల ఆమెది, మాట ఆమెది. ఆమె కూడా ఆ పొగగొట్టం కథ వింటూనే పెరిగింది. తన తాత పీల్చిన పొగకి తాను మచ్చ తెస్తే, ఆ చేత్తో పట్టిన మందు పిల్లకి పనిచేస్తుందా అనుకుంది. పెట్టె కళ్ళెదుటే ఉంది. మందు ఎక్కడికి పోతుంది?

"దించు, ఆల్ఫీ" అంది. "మూడు రోజులేగా."

రెండో రోజు పొద్దు నెత్తి మీదికి రాకముందు నోరా కళ్ళు తెరిచి, "అవ్వా, పెట్టె తెరిచారా?" అని అడిగింది. తెరుస్తున్నారు తల్లీ అంది ఫిలొమీన్. ఆ అబద్ధం విని పిల్ల తల ఊపింది. ఆ తర్వాత పిల్లికూతలు ఆగిపోయాయి.

ఆ చలికాలంలో నేల రాయిలా ఉంటుంది. గొయ్యి తవ్వాలంటే ముందు నేల మీద మంట వేసి కరిగించాలి. ఒక పూటంతా పడుతుంది. ఆ మంట చుట్టూ రిజర్వు రిజర్వంతా చేరింది. కెటిల్లో టీ మరుగుతోంది, ఎవరూ తాగడం లేదు. ఎలియస్ తాత తన మంచం పలకలు ఊడదీసి చేసిన చిన్న పెట్టె పక్కనే ఉంది. ఇంకా పదకొండు మంది పిల్లలు అదే జ్వరంతో ఇళ్ళల్లో మూలుగుతున్నారు. సభ అని ఎవరూ పిలవలేదు. మంటే పిలిచింది.

ఒకడు తాళం జోలికి పోతే పిండి ఇవ్వడం ఆపేస్తారన్నాడు. ఇంకొకడు మగాళ్ళందరినీ జైల్లో తోస్తారన్నాడు. అతని పెళ్ళాం అతని మొహం మీదే అడిగింది, ఇంట్లో ఇద్దరు దగ్గుతున్నారు, రేపు వాళ్ళకీ ఇలాగే మంట వేస్తావా అని. నేల మనది కాదంటే ఊరుకున్నాం, బిడ్డల్ని బడికి ఎత్తుకుపోతే ఊరుకున్నాం, ఊరుకున్నకొద్దీ వాళ్ళకి మన ఊపిరి కూడా లెక్కలేకుండా పోయిందని ఆల్ఫీ అన్నాడు.

అప్పుడు ఎలియస్ తాత లేచాడు.

"మాటని కాపాడతున్నా అనుకున్నా. నేను కాపాడింది తాళాన్ని. మాట తప్పినవాడు లోపల కూచున్నాడు, మాట మీద ఉన్నవాళ్ళం బయట మంచులో నిలబడ్డాం. ఒడంబడిక మనదీ కదా. మనది మనం అమలు చేసుకుందాం."

పిల్లని మట్టిలో పెట్టి, అక్కణ్ణించే అందరూ ఏజెంటు ఇంటికి నడిచారు. ఏజెంటు ఇంకా రాలేదు. భార్య తలుపు తీసి, ఆ జనాన్ని చూసి, పెరటి దారిన వెళ్ళిపోయింది. ఆల్ఫీ పెట్టెని అరుగు మీదికి మోసుకొచ్చాడు. ఎలియస్ తాత పొగగొట్టం వెలిగించాడు. అది పొద్దు తిరిగే వైపుగా చేతులన్నీ తిరిగి వచ్చింది. తర్వాత గొడ్డలి కూడా అదే వరసలో తిరిగింది. చేతికి అందినవాళ్ళు అందినట్టు ఒక్కో దెబ్బ వేశారు. చివరి దెబ్బ ఫిలొమీన్‌ది.

మూత లేచింది.

రెండు విస్కీ సీసాలు. గుర్రాల కాళ్ళకి రాసే తైలం డబ్బా. బూట్ల పాలిషు. అడుగున ఒకే ఒక్క మందుసీసా, అందులో అయొడిన్ ఎప్పుడో ఎండి గోధుమరంగు పొరలా అంటుకుపోయి ఉంది.

పక్కింటామె ఫిలొమీన్ భుజం మీద చెయ్యి వేసి, "ఆ రోజే పగలగొట్టినా ఏం దక్కేది కాదులే అక్కా" అంది.

"దక్కేది" అంది ఫిలొమీన్. "ఖాళీ అని ఆ రోజే తెలిసేది. ఆ రోజే పట్నం దారి పట్టేదాన్ని, పాసు లేకపోతే లేకపోయింది. ఖాళీ పెట్టెకి నా బిడ్డని రెండు రోజులు కాపలా పెట్టా."

ఆమె వంగి సీసాలు ఒక్కొక్కటే తీసి మంచులో పెట్టింది. ఖాళీ పెట్టె పొడుగు వెంట జానతో కొలిచింది. మళ్ళీ కొలిచింది. నోరా ఇందులో పట్టేది.

ఆ మర్నాడు పొద్దున్నే తొమ్మిది మంచుబండ్లు బయల్దేరాయి. పదకొండు మంది పిల్లలు, వాళ్ళ తల్లులు. ముందు బండిలో ఆ పెట్టె. ఒక్కరి దగ్గరా పాసు లేదు. గడ్డకట్టిన నది దాటుతుంటే ఎర్రకోటు పోలీసు గుర్రం మీద ఎదురొచ్చి చెయ్యెత్తాడు. పాసులేవని అడిగాడు. ఏజెంటు భార్య కబురు చేరినట్టుంది, పెట్టె ఎవరు పగలగొట్టారని కూడా అడిగాడు.

ఫిలొమీన్ దిగి, పెట్టెని మంచు మీద పెట్టి మూత తీసింది. ఆమె అన్నదాన్ని ఆల్ఫీ ఇంగ్లీషులో చెప్పాడు.

"మీ రాణి ఇచ్చిన మందు ఇదే. చూసుకో. గొడ్డలి పట్టింది నేను, నన్ను తీసుకుపో. బండ్లు ఆపాలంటే మాత్రం నీకున్న చేతులు చాలవు."

ఎలియస్ తాత నేనూ అన్నాడు. వెనక బండ్లలోంచి నేనూ, నేనూ అని వస్తూనే ఉంది. ఇందరినీ కట్టి తీసుకుపోయే తాడు పోలీసు దగ్గర లేదు. అతను ఫిలొమీన్ చేతులకే బేడీలు వేశాడు. అతను వేస్తుండగానే మొదటి బండి పెట్టె పక్కనుంచి తిరిగి ముందుకు సాగింది. దాని వెనకే రెండోది. తొమ్మిదో బండి దాటిందాకా ఆమె తల తిప్పకుండా చూసింది.

ఆస్పత్రివాళ్ళు పాసు లేదని తలుపు వేస్తే, జనం మెట్ల మీద నుంచి కదల్లేదు. చివరికి తలుపు తెరుచుకుంది. పదకొండు మందిలో తొమ్మిది మంది బతికారు.

ఫిలొమీన్‌కి ఆరు నెలలు పడింది. జైల్లో ఆమె ఏడవలేదు. మంచు కరుగుతున్న రోజుల్లో ఆమె గదిలోకి ఇంకొక ఆడమనిషిని తోశారు. వేరే రిజర్వు మనిషి, మాటలో కొంచెం వేరే యాస. చలికి ఆమె వేళ్ళు వాచి ఉన్నాయి.

"ఏం చేశావమ్మా?"

"మా ఏజెంటు ఇంట్లో పెట్టె తాళం పగలగొట్టా."

ఫిలొమీన్ దగ్గరికి జరిగింది. "ఏముంది అందులో?"

"ఏముంటది? ఎలుకలు. చూసి అట్నుంచి అటే పిల్లోణ్ణి పట్నం తీసుకుపోయాం. లేచి తిరగతా ఉన్నాడు ఇప్పుడు."

"ఎన్నాళ్ళు ఆగారు?"

"ఒక్క పూట కూడా ఆగలా. నదికి అవతల నోరా అని ఒక చిన్నపిల్ల, తాళం తీస్తారని చూసి చూసి పోయిందంట. ఆ కబురు విన్నాక ఇంకెవరు ఆగతారు?"

ఫిలొమీన్ తన ఒళ్ళో మడిచి ఉన్న కుందేలు తోళ్ళ దుప్పటి విప్పి, ఆ మనిషి వాచిన చేతుల మీద కప్పింది. కప్పి, దాని అంచు పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.